విర్డ్: ఒక పాత ఇంగ్లీషు మాట పుట్టుపూర్వోత్తరాలు

విర్డ్ అనేది పాత ఇంగ్లీషులో ఒక స్త్రీలింగ నామవాచకం. జరిగేది, జరిగినది, ఒకరి పాలికి వచ్చినది, విధి అని దీనికి ముఖ్యమైన అర్థాలు. సుమారు క్రీ.శ. 700 నుంచి 1100 దాకా ఇంగ్లండులో రాసిన పద్యాల్లో, మతగ్రంథాల్లో, లాటిన్ మాటలకు అర్థాలు చెప్పే పదపట్టికల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. ఆ తర్వాత దక్షిణ ఇంగ్లండులో మెల్లగా వాడుక తప్పింది, స్కాట్లండులో మాత్రం నిలిచింది. చివరికి ఒక నాటకం పుణ్యమా అని మళ్లీ ఇంగ్లీషు అంతటా పాకి, ఇవాళ హైదరాబాదు, విశాఖపట్నం కాలేజీ పిల్లల నోట కూడా వినపడే ‘వియర్డ్’ అయింది.

ఇప్పుడు వియర్డ్ అంటే వింత, విడ్డూరం, కాస్త తేడాగా ఉన్నది. పాత విర్డ్‌లో వింత అనే ఛాయే లేదు. నోట నలిగి నలిగి అర్థం దానంతటదే జారడం భాషలో మామూలే కానీ, ఇక్కడ జరిగింది అది కాదు. వేళ్ల మీద లెక్కపెట్టగల కొన్ని పుస్తకాలు, వాటిని చదివినవాళ్లు చేసుకున్న అన్వయాలు ఈ మాట గతిని మార్చాయి. పైగా పందొమ్మిదో శతాబ్దపు పండితులు దీని వెనక ఒక ప్రాచీన దేవతను ఊహించారు. ఆ ఊహ నేటికీ జనాదరణలో ఉంది. రాతప్రతులు చెప్పేది మాత్రం వేరు.

రూపం, ఉచ్చారణ

ఈ మాటలోని అచ్చు తెలుగులో లేదు. పెదవులను ‘ఉ’ పలికేటప్పటిలా గుండ్రంగా చుట్టి, నాలుకను ‘ఇ’ పలికే చోట ఉంచితే వచ్చే ధ్వని అది. జర్మన్, ఫ్రెంచి నేర్చుకున్నవారికి అలవాటైనదే. ఈ వ్యాసంలో సౌలభ్యం కోసం ‘విర్డ్’ అనే రాస్తున్నాం. పాత ప్రతుల్లో దీని మొదటి అక్షరం ఇప్పటి డబ్ల్యూ కాదు, రూన్ లిపి నుంచి తెచ్చుకున్న ‘విన్’ అనే అక్షరం. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్నాక లేఖకుల అలవాట్లు మారి ఆ అక్షరం క్రమంగా కనుమరుగైంది.

దీని చుట్టూ ఒక చిన్న పదకుటుంబం ఉంది. ముందు ‘గె’ చేరిస్తే గెవిర్డ్, దాదాపు ఇదే అర్థం. ‘ఫోర్’ చేరిస్తే ఫోర్‌విర్డ్, అంటే వినాశనం. వీటిలో చాలా విలువైన సాక్ష్యం ఇచ్చేది ‘విర్డ్‌వ్రీటెరె’ అనే సమాసం. విర్డ్‌లను రాసేవాడు అని మాటకు మాట అర్థం, వాడుకలో చరిత్రకారుడు. చరిత్రకారుడు విధిని రాయడు, జరిగిన సంగతులు రాస్తాడు. విర్డ్ అనగానే ఏదో అదృశ్యశక్తి అనుకునేవారు ముందుగా చూడవలసిన మాట ఇది.

ధాతువు

విర్డ్ పుట్టింది ‘వెయోర్థన్’ అనే క్రియ నుంచి. ఆ క్రియకు ‘అవు’ అని అర్థం. ఇంగ్లీషులో అది చచ్చిపోయింది, జర్మన్‌లో ‘వెర్డెన్’గా నిత్యవ్యవహారంలో ఉంది. ఇంకా వెనక్కి వెళితే ఇండో యూరోపియన్ మూలభాషలో ‘తిరుగు’ అనే అర్థమున్న ‘వెర్ట్’ ధాతువు దగ్గర ఆగుతాం. లాటిన్ ‘వెర్టెరె’, తిరుగు అని. లిథువేనియన్ ‘విర్స్తి’, తిరగబడు, మరొకటిగా మారు అని. పాత స్లావిక్ ‘వ్రెతెనో’, నూలు వడికే కదురు. సంస్కృతంలో ‘వృత్’. తెలుగులో చేరిపోయిన వర్తనం, పరివర్తన, ఆవృత్తం, వృత్తం, ప్రవృత్తి, వర్తమానం, వృత్తాంతం అన్నీ ఆ ధాతువు సంతానమే. ఇంగ్లీషులో దిక్కును చెప్పే మాటల చివర వచ్చే ‘వర్డ్’ ప్రత్యయం కూడా, ఉదాహరణకు ‘హోమ్‌వర్డ్’లో ఉన్నది, ఈ వంశానిదే.

తిరగడం అనే అర్థం అవడంగా, అక్కడినుంచి జరగడంగా ఎలా మారింది? తెలుగు పాఠకులకు ఇది సులభంగా బోధపడుతుంది. బెంచీ మీద కూర్చున్నవాణ్ణి కాస్త జరగమంటాం. నిన్న ఏం జరిగిందని కూడా అడుగుతాం. స్థానం మారడానికీ సంఘటనకూ మనకు ఒకటే క్రియ. మంచి రోజులొస్తే దశ తిరిగిందంటాం. తెలుగు ఇండో యూరోపియన్ భాష కాదు. దక్షిణాది భాషలది వేరే కుటుంబమని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో సోదాహరణంగా చూపించాడు. కాబట్టి ‘జరుగు’కీ ‘విర్డ్’కీ రక్తసంబంధం లేదు. మనుషుల తలపు ఒకే దారిన నడిచిందంతే.

క్రియలో ‘థ’ ఉండగా నామవాచకంలో ‘డ’ ఎందుకు వచ్చింది అనే ప్రశ్న పందొమ్మిదో శతాబ్దపు భాషాశాస్త్రజ్ఞులను చాలా కాలం వేధించింది. జర్మనిక్ భాషల నిండా ఇలాంటి జంటలే. దీనికి జవాబు డెన్మార్కు పండితుడు కార్ల్ వెర్నర్ 1877లో ప్రచురించిన వ్యాసంలో దొరికింది. ఆయనకు తాళంచెవి దొరికిన చోటు వేదసంస్కృతం. ‘భ్రాతర్’ అనే మాటలో ఉదాత్తస్వరం మొదటి అచ్చు మీద, ‘పితర్’లో రెండో అచ్చు మీద పడుతుంది. పాత ఇంగ్లీషులో సోదరుడి పేరులో ‘థ’ ధ్వని, తండ్రి పేరులో ‘డ’ ధ్వని. స్వరం హల్లుకు ముందున్న అచ్చు మీద ఉంటే ‘థ’ నిలుస్తుంది, లేకపోతే ‘డ’ అవుతుంది. వేలయేళ్ల కిందట జర్మనిక్ భాషల్లో చెరిగిపోయిన స్వరాన్ని వేదపాఠం చేసేవాళ్ల గొంతులు భద్రంగా కాపాడాయి. విర్డ్‌లోని ‘డ’కు కూడా ఇదే కారణం. భాషాచరిత్రలో ఇంత అందమైన నిరూపణలు ఎక్కువ లేవు.

పదపట్టికలు, పద్యాలు

ఈ మాట మొట్టమొదట కనిపించేది కవిత్వంలో కాదు. లాటిన్ చదువుకునే సన్యాసులు కష్టమైన మాటలకు తమ భాషలో అర్థాలు రాసుకున్న పట్టికల్లో. సుమారు 700 నాటిదైన ఎపినాల్ పదపట్టికలో ‘పార్కే’ అనే లాటిన్ మాట ఎదురుగా విర్డ్ బహువచనం ఉంది. పార్కేలు అంటే రోమన్ల ముగ్గురు విధిదేవతలు. ఒకతె మనిషి ఆయుస్సును నూలుగా వడుకుతుంది, ఒకతె కొలుస్తుంది, ఒకతె తెంచేస్తుంది. ఈ ఒక్క పంక్తిని చూసి ఇంగ్లండులోనూ అలాంటి ముగ్గురు దేవతలు ఉండేవారని చాలామంది తీర్మానించారు. అది తొందరపాటు. పరాయి దేవతల పేరుకు సాటి మాట కావలసివచ్చినప్పుడు సన్యాసి తన భాషలో ఉన్నవాటిలో దగ్గరగా అనిపించినదాన్ని వాడుకున్నాడు. ఆ దేవతలకు అక్కడ గుడి ఉందనడానికి అది రుజువు కాదు.

కవిత్వంలో ఈ మాట చాలా రంగులు చూపిస్తుంది. బేవుల్ఫ్ కావ్యంలో కథానాయకుడు గ్రెండెల్ అనే రాక్షసుణ్ణి ఎదుర్కోబోయే ముందు, విర్డ్ తన దారిన తాను పోతుందని నిబ్బరంగా అంటాడు. మన ఊళ్లలో పెద్దవాళ్లు జరిగేది జరగక మానదు అనే తీరు అది. కానీ అదే కావ్యంలో, చావు రాసిపెట్టి ఉండని మనిషి గుండెధైర్యంతో నిలబడితే విర్డ్ అతణ్ణి వదిలిపెడుతుందనే భావమూ ఉంది. ఇంకోచోట దేవుడూ, ఆ వీరుడి ధైర్యమూ విర్డ్‌కు అడ్డు నిలవకపోతే ఇంకా ఎందరో చచ్చేవాళ్లని కవి చెబుతాడు. అంటే దాన్ని అడ్డుకోవచ్చు. తప్పించుకోలేని శాసనమనే అర్థం ఇక్కడ కుదరదు. రానున్న ఆపద అనుకుంటే కుదురుతుంది.

ఎక్సెటర్ పుస్తకంలోని పద్యాలు వేరే తరహా. పదో శతాబ్దం చివర్లో రాసిన ఈ ప్రతిని బిషప్ లెయోఫ్రిక్ ఎక్సెటర్ ప్రధాన చర్చికి ఇచ్చాడు, ఇప్పటికీ అక్కడే ఉంది. అందులో ‘శిథిలం’ అనే చిన్న పద్యం, కూలిపోయిన రోమన్ కట్టడాల గురించి. బాత్ నగరపు స్నానశాలలను చూసి రాసి ఉంటారని చాలామంది అభిప్రాయం. ఆ రాతిగోడలను పగలగొట్టింది విర్డ్‌లు అని మొదట్లోనే వస్తుంది. బహువచనం. యుద్ధాలు, చలికాలాలు, మనుషులు వదిలి వెళ్లిపోవడం, కాలం మీద కాలం గడవడం, అన్నీ కలిపి ఆ ఒక్క మాటలో ఇమిడిపోయాయి. ఈ పద్యం ఉన్న చివరి ఆకులు ఎప్పుడో నిప్పుకు కాలి, కొన్ని పంక్తుల మధ్య రంధ్రాలు పడ్డాయి. కూలిన గోడల మీది పద్యాన్ని నేటి సంపాదకులు చిల్లుల మధ్య మిగిలిన అక్షరాలను ఏరుకుంటూ అచ్చువేయాల్సి వస్తోంది.

అదే పుస్తకంలోని ‘దేశదిమ్మరి’లో ప్రభువును పోగొట్టుకున్న ఒంటరి యోధుడు, విర్డ్ కదలక స్థిరపడిపోయిందని తలుస్తాడు. అంత్యప్రాసల పద్యం ఒకదానిలో విర్డ్‌తో ‘నేయు’ అనే క్రియను వాడారు. ఇటలీలోని వెర్చెల్లి పట్టణంలో దొరికిన మరో ప్రతిలో ‘శిలువ కల’ అనే గొప్ప పద్యం ఉంది. క్రీస్తును మోసిన చెట్టే తన కథ చెప్పుకుంటుంది. తనను నేలమట్టం చేయడాన్ని అది భయంకరమైన విర్డ్ అంటుంది. అక్కడ ‘ఘటన’ తప్ప మరో అనువాదం పనికిరాదు.

ఒక్కచోట మాత్రం విర్డ్ నిజంగా ఆడరూపం దాలుస్తుంది. సొలొమోను రాజూ, శాటర్న్ అనే అన్యమత పండితుడూ వాదించుకునే పద్యంలో ఆమె కన్నీళ్లు తెప్పించేది, కష్టాలు మోపేది, పగలకు తల్లి. ఇంత స్పష్టమైన మానవీకరణ పాత ఇంగ్లీషులో ఇంకెక్కడా దొరకదు. అయితే ఆ పద్యం ఆద్యంతం క్రైస్తవమే. సొలొమోను బైబిలు రాజు, గెలుపు ఆయనదే.

ఆల్ఫ్రెడ్ రాజు చక్రం

విర్డ్ గురించి పాత ఇంగ్లీషులో అన్నిటికంటే లోతుగా ఆలోచించిన గ్రంథం ఒక అనువాదం. రోమన్ తత్త్వవేత్త బోయీథియస్ మరణశిక్షకు ఎదురుచూస్తూ చెరలో రాసుకున్న ‘తత్త్వశాస్త్ర ఓదార్పు’ను వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్ పేరిట ఇంగ్లీషు చేశారు. ఆల్ఫ్రెడ్ 871 నుంచి 899 దాకా పాలించాడు. వైకింగుల దాడులతో నలిగిపోయిన రాజ్యంలో చదువును మళ్లీ నిలబెట్టాలని తపించినవాడు. అనువాదం నిజంగా రాజు చేతిదేనా అని మాల్కమ్ గాడెన్ 2007లో గట్టిగా ప్రశ్నించాడు. చేసింది ఎవరైనా, అతను మూలాన్ని గుడ్డిగా అనుసరించలేదు.

లాటిన్ ‘ఫాటుమ్’కు అతను విర్డ్ అని వాడి, వెంటనే అర్థానికి ఎల్లలు గీశాడు. దేవుడి మనసులో ముందే ఉన్న ఆలోచన ఒకటి. ఆ ఆలోచన లోకంలో రోజురోజూ పనిగా మారడం మరొకటి. రెండోదాన్నే మనం విర్డ్ అంటాం అని వివరించాడు. ఈ నిర్వచనంలో విర్డ్ స్వతంత్రశక్తి కాదు. సంకల్పం కార్యరూపం దాల్చడం. ‘అవు’ అనే ధాత్వర్థానికి ఇది ఎంత దగ్గరో గమనించాలి.

దీన్ని విశదం చేయడానికి బోయీథియస్ ఒకే కేంద్రం చుట్టూ తిరిగే వలయాలను ఉదాహరించాడు. ఇంగ్లీషు అనువాదకుడు వాటిని పక్కనబెట్టి బండిచక్రాన్ని తెచ్చాడు. ఇరుసు దేవుడు, అది కదలదు. ఇరుసును ఆనుకొని ఉన్న కుండ ఉత్తములు. కుండనుంచి అంచుదాకా సాగే ఆకులు మధ్యస్థులు, ఒక కొస దేవుడి వైపు, ఒక కొస లోకం వైపు. నేలను రాసుకుంటూ, రాళ్లకు కొట్టుకుంటూ దొర్లే అంచు సామాన్యులు. చక్రం మొత్తం ఇరుసునే పట్టుకొని తిరుగుతుంది కాబట్టి అంచులో ఉన్నవాడు కూడా దేవుడితో తెగిపోలేదు, కుదుపు మాత్రం అతనికే ఎక్కువ. ఇరుసుకు దగ్గరైన కొద్దీ విర్డ్ తాకిడి తగ్గుతుంది. ఎద్దుబండి చక్రాన్ని దగ్గరగా చూసిన ఏ రైతుకైనా ఈ తత్త్వం ఇట్టే అందుతుంది. తిరగడం నుంచి పుట్టిన మాటను మళ్లీ తిరిగే వస్తువుతోనే వివరించడం అనువాదకుడికి తెలిసి జరిగిందో లేదో గానీ, ఆ పోలిక మాత్రం మూలంకంటే బాగుంది.

ఈ గ్రంథానికి ఉన్న పాతప్రతి 1731 అక్టోబరులో వెస్ట్‌మినిస్టరులోని ఆష్‌బర్నమ్ హౌస్ తగలబడినప్పుడు బాగా దెబ్బతింది. బేవుల్ఫ్ ఏకైక ప్రతి అంచులు కాలింది కూడా ఆ మంటల్లోనే. అదృష్టవశాత్తు ఫ్రాన్సిస్కస్ జూనియస్ అనే పండితుడు అంతకుముందు శతాబ్దంలోనే ఆల్ఫ్రెడ్ పుస్తకంలోని పద్యాలకు నకలు రాసి పెట్టాడు.

ఆల్ఫ్రెడ్ కాలం తర్వాత ఇంకో వందేళ్లకు, 990 ప్రాంతంలో, ఎల్ఫ్రిక్ అనే మఠాచార్యుడు ఎపిఫనీ పండుగ ప్రసంగంలో జాతకాల మీద నమ్మకాన్ని ఖండించాడు. గ్రహాలు మనిషి బతుకును నిర్ణయిస్తాయనడం వట్టి భ్రమ అన్నాడు. అక్కడ ఆయన వాడిన మాట గెవిర్డ్. అదే ఎల్ఫ్రిక్ చరిత్రకారుణ్ణి చెప్పవలసివచ్చినప్పుడు విర్డ్‌వ్రీటెరె అని నిశ్చింతగా వాడాడు. ఆ మాటే అపవిత్రమైతే ఆయన దాన్ని ముట్టేవాడు కాదు.

దేవత అవునా, కాదా

యాకోబ్ గ్రిమ్ 1835లో ‘జర్మన్ పురాణగాథలు’ వెలువరించాడు. అన్నదమ్ములు సేకరించిన జానపద కథలతో మనకు తెలిసిన గ్రిమ్ ఈయనే. జర్మనిక్ జాతుల పూర్వమతాన్ని మాటల ముక్కల నుంచి తిరిగి నిర్మించాలనేది ఆయన ఆశయం. విర్డ్‌ను ఆయన నార్సు గాథల్లోని ‘ఉర్ద్’ అనే దేవతతో జతచేశాడు. రెండు మాటలూ ఒకే మూలం నుంచి వచ్చాయి, ఇందులో సందేహం లేదు. ఐస్‌లాండు పద్యం ‘వోలుస్పా’లో ఉర్ద్, వెర్దాండి, స్కుల్డ్ అనే ముగ్గురు కన్యలు ప్రపంచవృక్షం కింద, బావి దగ్గర ఉంటారు. వెర్దాండి అంటే అవుతూ ఉన్నది. మన వర్తమానం ఏ ధాతువు నుంచి వచ్చిందో అదీ ఆ ధాతువు నుంచే, ఆ అర్థంలోనే. స్కుల్డ్ వేరే క్రియ నుంచి వచ్చింది, అప్పు, రావలసినది అని.

ఈ ముగ్గురూ జరిగినది, జరుగుతున్నది, జరగవలసినది అని చక్కగా అమరడమే కొందరు పండితులకు అనుమానం కలిగించింది. ఆరు, ఏడో శతాబ్దాల నాటి సెవిల్ బిషప్ ఇసిడోర్ తన విజ్ఞానకోశంలో రోమన్ పార్కేలను మూడు కాలాలకు ముడిపెట్టాడు. ఆ పుస్తకాన్ని యూరప్ మఠాలన్నిటా చదివారు. కాబట్టి ఉర్ద్ ఒక్కతే పాతది, మిగతా ఇద్దరూ లాటిన్ చదువు ప్రభావంతో తర్వాత చేరారని వాళ్ల వాదన.

పాత సాక్సన్ భాషలో క్రీస్తు కథ చెప్పే ‘హేలియాండ్’ కావ్యంలో ‘వుర్డ్’ ఉంది. అక్కడ అది చావుఘడియ. పాత జర్మన్‌లో తండ్రీకొడుకులు తలపడే హిల్డెబ్రాండ్ గీతంలో ‘వేవుర్ట్’ ఉంది, అంటే ఘోరం జరగబోతోందని. ఈ రెండుచోట్లా కూడా గుడులు, మొక్కులు, పూజలు లేవు. ఇంగ్లండులో వోడెన్, థునోర్ లాంటి పాత దేవుళ్ల పేర్లు ఊళ్ల పేర్లలో, వారాల పేర్లలో మిగిలాయి. విర్డ్ అనే దేవత పూజలందుకున్నదనడానికి అలాంటి ఆనవాలు చూపలేకపోయారు.

గ్రిమ్ వాదన వందేళ్లు చలామణీ అయ్యాక బి.జె. టిమ్మర్ 1940ల మొదట్లో ప్రతి ప్రయోగాన్నీ విడివిడిగా పరిశీలించి, ఎక్కువచోట్ల ఇది ‘ఘటన’ లేదా దైవసంకల్పానికి లోబడిన ‘విధి’ మాత్రమేనని చూపించాడు. ఎరిక్ స్టాన్లీ 1964, 65లలో రాసి, 1975లో పుస్తకంగా వేసిన వ్యాసాల్లో ఇంకో అడుగు ముందుకు వేశాడు. పాత కావ్యాల్లో అన్యమతాన్ని వెతికినవాళ్లు తాము చూడాలనుకున్నదాన్నే చూశారని, అప్పటి జర్మన్ జాతీయవాద ఉద్వేగం అందుకు కారణమని వివరించాడు. ఇప్పటివరకు దొరికిన ఆధారాలతో చూస్తే స్టాన్లీ పక్షమే బలంగా ఉంది. క్రైస్తవానికి ముందు ఈ మాటకు మతపరమైన బరువేదీ లేదని దీని అర్థం కాదు. ఉందని చెప్పగల పాఠం మన చేతిలో లేదు, అంతే.

స్కాట్లండు దారి

నార్మన్ల తర్వాత ఫ్రెంచి, లాటిన్ మాటలు వరదలా వచ్చాయి. డెస్టినీ, ఫార్చూన్, ఫేట్ మూడూ విర్డ్ స్థానాన్ని పంచుకున్నాయి. చాసర్ పద్నాలుగో శతాబ్దం చివర్లో ఈ మాటను వాడాడు గానీ, ఆయన తర్వాత దక్షిణాదిన అది అరుదు. మామూలుగా అయితే ఇది ‘బర్డ్’తో ప్రాసకుదిరే మాటగా మారి ఉండేది. ఇప్పుడున్న రూపమూ, ఇంగ్లీషు పిల్లలను ఇబ్బందిపెట్టే ‘ఇ’ ముందు, ‘ఐ’ వెనక అనే వర్ణక్రమమూ ఉత్తరాదివి. స్కాట్స్ రాతలో అచ్చు పక్కన ‘ఐ’ పెడితే అది దీర్ఘమని గుర్తు. స్కాట్లండులో ‘తన వియర్డ్ తాను అనుభవించడం’ అనే పలుకుబడి చాలాకాలం నడిచింది. వాల్టర్ స్కాట్ నవలల్లోనూ వినిపిస్తుంది. ఎవరి ఖర్మ వాళ్లు అనుభవించాలి అనడం లాంటిదే.

అక్కడే ‘వియర్డ్ అక్కచెల్లెళ్లు’ అనే జంటమాట స్థిరపడింది. లాఖ్ లెవెన్ మఠంలో ఉన్న ఆండ్రూ వింటన్ సుమారు 1420లో స్కాట్లండు చరిత్రను పద్యాల్లో చెబుతూ మాక్‌బెత్ కలను వర్ణించాడు. వేటకుక్కలను పట్టుకొని రాజు పక్కన కూర్చున్నట్టు, ముగ్గురు ఆడవాళ్లు దారిన పోతూ ఒకరి తర్వాత ఒకరు అతనికి రానున్న పదవులు చెప్పినట్టు కల. వాళ్లు వియర్డ్ అక్కచెల్లెళ్లే అయుంటారని అతను అనుకుంటాడు. వింటన్ కథలో ఇదంతా నిద్రలో జరిగినదే. గావిన్ డగ్లస్ 1513లో వర్జిల్ కావ్యాన్ని స్కాట్స్‌లోకి తెచ్చినప్పుడు పార్కేలకు ఇదే పేరు పెట్టాడు. అది గౌరవప్రదమైన పేరు. దాంట్లో మంత్రగత్తె వాసన లేదు.

హెక్టర్ బోయిస్ 1527లో లాటిన్‌లో రాసిన స్కాట్లండు చరిత్రలో కల కాస్తా నిజమైన ఎదురుపాటు అయింది. జాన్ బెలెండన్ దాన్ని స్కాట్స్‌లోకి తెచ్చాడు. 1577లో రాఫేల్ హోలిన్‌షెడ్ తన ఇంగ్లీషు చరిత్రసంపుటాల్లో ఆ కథను చేర్చి, వియర్డ్ అక్కచెల్లెళ్లు అంటే విధిదేవతలని, లేకపోతే వనదేవతలో యక్షిణులో కావచ్చని అర్థం కూడా చెప్పాడు. ఇంగ్లీషు పాఠకుడికి ఆ మాట అప్పటికే అర్థం కాదని ఆ వివరణే చెబుతోంది. ఆ సంపుటంలోని చెక్కబొమ్మలో ముగ్గురూ మంచి దుస్తులు తొడుక్కున్న కులీన స్త్రీల్లా నిలబడి ఉంటారు. ఎదురుగా మాక్‌బెత్, బాంకో.

మాక్‌బెత్

షేక్‌స్పియర్ చేతిలో ఉన్న పుస్తకం ఇదే, ముఖ్యంగా 1587 నాటి రెండో ముద్రణ. సుమారు 1606లో ఆయన నాటకం రాసేనాటికి సింహాసనం మీద ఉన్న జేమ్స్ రాజు స్వయంగా మంత్రగత్తెల గురించి 1597లో పుస్తకం రాసినవాడు. షేక్‌స్పియర్ ఆ ముగ్గురికీ గడ్డాలు, చిట్లిన వేళ్లు, ఎండిన చర్మం, మసిలే కాగు ఇచ్చాడు. రంగనిర్దేశాల్లో మంత్రగత్తెలు అనే ఉంది. అయితే వాళ్లు తమను తాము పిలుచుకునే పేరు హోలిన్‌షెడ్ నుంచి తెచ్చిన పాత పేరే. 1611లో గ్లోబ్ నాటకశాలలో ఈ నాటకం చూసిన సైమన్ ఫోర్మన్ తన టిప్పణిలో వాళ్లను యక్షిణులు, వనదేవతలు అనే రాసుకున్నాడు.

1623లో అచ్చయిన మొదటి ఫోలియోలో ఈ మాట ఎక్కడా ‘వియర్డ్’ అని లేదు. మూడుచోట్ల ‘వేవర్డ్’, మూడుచోట్ల ‘వేయర్డ్’ అని పడింది. వేవర్డ్ అంటే చెప్పినమాట వినని, దారితప్పిన అని వేరే అర్థమున్న మాట. అచ్చుకూర్చినవాళ్లకు తెలియని మాట ఎదురై తెలిసినదాన్ని పెట్టారా, లేక ఆనాటి పలుకుబడే రెండక్షరాలుగా ఉండేదా అన్నది తేలలేదు. పద్యపాదం నడక రెండక్షరాలనే కోరుతుంది. అందుకే కొన్ని ముద్రణల్లో ఈ మాట మీద రెండు చుక్కలు పెట్టి అచ్చులు విడదీసి పలకాలని సూచిస్తారు. లూయిస్ థియోబాల్డ్ 1733లో హోలిన్‌షెడ్‌ను తిరగేసి ఫోలియో పాఠాన్ని ‘వియర్డ్’గా సరిదిద్దాడు. ఆనాటి కవి అలెగ్జాండర్ పోప్ ఎగతాళి చేసిన ఈ సంపాదకుడే మూలగ్రంథాలు వెతికి పాఠం నిర్ణయించే పద్ధతిని షేక్‌స్పియర్ అధ్యయనంలో గట్టిపరిచాడు. ఆయన లేకపోతే ఈ మాట నేటి ఇంగ్లీషులో బహుశా ఉండేది కాదు.

వింత అనే అర్థం

ఇప్పుడు పాఠకుడి ముందు ఒక చిక్కు. ‘వియర్డ్ అక్కచెల్లెళ్లు’ అనే మాటలో మొదటిది నామవాచకం, విధి అని. ఆ సంగతి తెలియనివాడు దాన్ని విశేషణం అనుకుంటాడు. రంగస్థలం మీద కనిపించేవాళ్లు గడ్డాలున్న వికృతమైన ఆడవాళ్లు. కాబట్టి వియర్డ్ అంటే భయంగొలిపే, మానుషం కాని అని అర్థం చేసుకుంటాడు. సరిగ్గా అదే జరిగింది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కాల్పనిక కవులకు ఈ ధ్వని నచ్చింది. షెల్లీ ‘అలాస్టర్’లో, కీట్స్ ‘లామియా’లో దీన్ని విశేషణంగా వాడారు. రాత్రి, నిశ్శబ్దం, మాయ ఉన్నచోట ఈ మాట వచ్చేది. శతాబ్దం సగమయ్యేసరికి అందులోంచి భయం కూడా జారిపోయి, ఊరికే విడ్డూరమైనది అనే అర్థం మిగిలింది. అంతవరకు వచ్చాక ఇంక ఏ వస్తువుకైనా ఏ మనిషికైనా తగిలించవచ్చు.

ఇరవయ్యో శతాబ్దంలో

షికాగోలో 1923 మార్చిలో మొదలైన ‘వియర్డ్ టేల్స్’ పత్రిక ఈ విశేషణానికి ఒక సాహిత్యశాఖనే కట్టబెట్టింది. లవ్‌క్రాఫ్ట్ కథలు ఎక్కువగా అందులోనే వచ్చాయి. టెర్రీ ప్రాచెట్ 1988 నాటి హాస్యనవలకు పాత వర్ణక్రమంతోనే ‘విర్డ్ సిస్టర్స్’ అని పేరు పెట్టాడు. 2000లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో మొదలైన ‘కీప్ ఆస్టిన్ వియర్డ్’ నినాదం చొక్కాల మీద, కార్ల మీద ఇంకా కనిపిస్తుంది. ఆ ఊళ్లో కాపురమున్న తెలుగు కుటుంబాలకు అది రోజూ కళ్లబడేదే. 2010లో ముగ్గురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు, పరిశోధనలు ఎక్కువగా పాశ్చాత్య, విద్యావంత, పారిశ్రామిక, సంపన్న, ప్రజాస్వామ్య సమాజాల మనుషుల మీదే జరుగుతున్నాయని విమర్శిస్తూ ఆ ఐదు మాటల మొదటి అక్షరాలతో ఇదే మాటను కూర్చారు.

మరోవైపు గ్రిమ్ దేవత కొత్త జన్మ ఎత్తింది. 1970ల నుంచి యూరప్, అమెరికాల్లో పాత జర్మనిక్ మతాన్ని పునరుద్ధరిస్తామని బయలుదేరిన బృందాలు విర్డ్‌ను సమస్త జీవులనూ కలిపే సాలెగూడుగా వర్ణిస్తాయి. బ్రయన్ బేట్స్ 1983 నాటి ‘విర్డ్ మార్గం’ నవల ఈ భావనకు బాగా ప్రచారం తెచ్చింది. ఈ బృందాలు వాడే అడ్డంగా దిడ్డంగా గీసిన గీతల గుర్తు ఏ పాత ప్రతిలోనూ లేదు. నమ్మేవారి నమ్మకాన్ని కాదనే పని విజ్ఞానకోశానిది కాదు. కానీ దాన్ని వెయ్యేళ్ల నాటి ఇంగ్లండుకు అంటగట్టడం సరికాదు. ఆనాటి మనుషులు ఈ మాటతో చెప్పుకున్నవి చాలా నేల మీది సంగతులు. గోడ కూలింది, యజమాని చచ్చిపోయాడు, రాజుల కాలంలో ఇవి ఇవి జరిగాయి.

ఈ మాటను లోతుగా చదవదలచినవారికి నేటికీ ప్రధాన ఆధారం జోసెఫ్ బాస్‌వర్త్ మొదలుపెట్టి, నార్త్‌కోట్ టోలర్ 1898లో పూర్తిచేసి, 1921లో అనుబంధం చేర్చిన నిఘంటువు. టొరంటో విశ్వవిద్యాలయం 1970 నుంచి తయారుచేస్తున్న కొత్త పాత ఇంగ్లీషు నిఘంటువు, మిగిలివున్న రచనలన్నిటి నుంచి సేకరించిన దాదాపు ముప్ఫై లక్షల మాటల నిధి మీద నడుస్తోంది. అది అక్షరక్రమంలో సాగుతోంది, ఇంకా డబ్ల్యూ దాకా రాలేదు. ఆ అక్షరం వచ్చిన రోజున విర్డ్ ప్రయోగాలన్నీ, పదపట్టికలవీ పద్యాలవీ ప్రసంగాలవీ, అర్థం వారీగా విడదీసి ఒకేచోట పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. టిమ్మర్ చేత్తో ఏరి పోల్చిన పనికి అప్పుడు పూర్తి లెక్క దొరుకుతుంది.